ఫిలడెల్ఫియా క్రోమోసోము కథ

రక్తపు క్యాన్సరు పేరు వినినంతనే గుండె జల్లుమనుట సహజము. అయినను నేడు ఆ జాతి వ్యాధులలో నొకదానికి, రోగి ఇంటనే యుండి మ్రింగదగిన మాత్ర కలదు. దాని వెనుక నలువది ఏండ్ల చరిత్ర యున్నది. దానినే ఇచట సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

1948లో బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు, ల్యుకీమియాతో బాధపడు పిల్లలకు అమినోప్టెరిన్ అను మందు నిచ్చి, కొంతకాలము ఉపశమనము కలుగుట చూపెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందది. మనకు గర్వకారణమే. కాని అట్టి మందులు వేగముగా పెరుగు ఆరోగ్యకణములను సైతము దెబ్బతీయును. రోగకణమునకే చెందిన గుర్తు దొరకినగాని గురిచూచి కొట్టుట సాధ్యము కాదు.

ఆ గుర్తు 1960లో దొరకినది. ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనువారు, దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా రోగుల కణములలో నొక క్రోమోసోము మిక్కిలి పొట్టిగా నుండుట చూచిరి. 1973లో చికాగోలో జానెట్ రౌలీ అను విదుషి దాని మర్మము తెలిపెను: 9వ, 22వ క్రోమోసోములు తమ తునకలను పరస్పరము మార్చుకొనినవి. ఆ అతుకున పుట్టిన జన్యువు ఒక ఎంజైమును తయారుచేయుననియు, అది మూయ వీలుగాని కుళాయివలె తెల్లకణములను ఎడతెగక పెంచుననియు పిమ్మట తేలినది.

స్విట్జర్లండులోని సీబా-గైగీ సంస్థలో నికొలాస్ లైడన్ మొదలగువారు ఆ ఎంజైమును అడ్డగించు ఇమాటినిబ్ అను మందును సిద్ధపరచిరి. ఆరెగాన్ రాష్ట్రమున డాక్టరు బ్రయన్ డ్రూకర్, తోడి వైద్యులతో కలిసి, 1998లో దానిని రోగులకిచ్చి పరీక్షింప నారంభించెను. దినమునకు 300 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని పుచ్చుకొన్న 54 మందిలో 53 మందికి రక్తకణముల లెక్క చక్కబడెను. 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగెను. అయితే పెక్కురు ఈ మాత్రను ఏండ్లతరబడి వాడుచునే యుండవలెను.

ఇక వెల మాట. భారతదేశమున పేటెంటుకై కోరిన నోవార్టిస్ సంస్థవారి మాత్రలు నెలకు సుమారు 1,20,000 రూపాయలు కాగా, దేశీయ సంస్థల మాత్రలు సుమారు 10,000 రూపాయలకే దొరకుచుండెను. ఆ సంస్థ అనేకులకు ఉచితముగా నిచ్చిన మాటయు నిజమే. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ పేటెంటు కోరికను త్రోసిపుచ్చెను.

నెలకు పదివేలైనను పెక్కు కుటుంబములకు మోయరాని బరువే. మందును కనుగొనుటకు నలువది ఏండ్లు పాటుపడిన లోకము, దానిని బీదవాని గడపకు చేర్చుట యందును అంత పట్టుదల చూపవలెనని మా విన్నపము.