రెండో తరగతి ప్లీడరు

టంగుటూరి ప్రకాశం పంతులు అనగానే సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకికి ఎదురొడ్డిన మనిషి గుర్తొస్తాడు. ఆయన మొదట ఊళ్లో బోర్డు కట్టుకున్న మామూలు ప్లీడరు. అక్కడిదాకా రావడమే ఒక పెద్ద ప్రయాణం.

1872లో ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. పరీక్షకు కట్టాల్సిన మూడు రూపాయలు ఎక్కడా పుట్టకపోతే, తన పట్టుచీర తాకట్టు పెట్టింది. ఆ ఇంట్లో చదువంటే అంత ఖరీదు.

ఆ తర్వాత చెయ్యి పట్టుకున్నది బడిలో మాస్టారు, ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. తాను రాజమండ్రికి మారుతూ ఈ కుర్రాణ్నీ వెంట తీసుకెళ్లారు. చదువుతో పాటు నాటకాల పిచ్చీ పట్టింది. వేషం కట్టి, నిండు సభలో గొంతెత్తి మాట్లాడటం అలవాటైంది. రేపు కోర్టులో అక్కరకొచ్చే విద్య అది.

మద్రాసులో న్యాయవిద్య ముగించి, రెండో తరగతి ప్లీడరు పట్టాతో కొన్నాళ్లు ఒంగోలులో ప్రాక్టీసు పెట్టారు. 1894లో రాజమండ్రికి మారారు. మారడం తెలివైన పనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో మాగాణి విలువ పెరిగింది. భూమికి విలువొచ్చిన చోట గట్ల తగాదాలు, వారసత్వ పేచీలు, అప్పు పత్రాల గొడవలు వెంటే వస్తాయి. పైగా అది ఆయన చదువుకున్న ఊరు, ముఖాలన్నీ తెలిసిన ఊరు. పేరూ డబ్బూ రెండూ వచ్చాయి. ముప్పయ్యేళ్లు దాటగానే పురపాలక సంఘం ఛైర్మన్ కూడా అయ్యారు.

కానీ ఆ పట్టాకు ఒక హద్దుంది. కేసు పైకోర్టుకు వెళితే, రెండో తరగతి ప్లీడరు అక్కడ నిలబడి వాదించడానికి వీల్లేదు. కాగితాలన్నీ తాను తయారు చేసినా, మాట్లాడేది ఇంకొకరు. ఒక కేసు పని మీద మద్రాసు వెళ్లినప్పుడు ఆయన విషయం చెప్పిన తీరు చూసి, ఒక బారిస్టరు 'మీరూ బారిస్టరు కావచ్చు కదా' అన్నారట. ఆ మాట మనసులో నాటుకుంది. మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చి, 1904లో ఇంగ్లండు ఓడెక్కారు. 1907లో బారిస్టరుగా తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు.

లండన్ ఆయనకిచ్చింది పైకోర్టులో నోరు విప్పే హక్కు. విప్పడానికి మాటలు మాత్రం అప్పటికే ఉన్నాయి. రంగస్థలం మీదా, పదేళ్ల చిల్లర దావాల్లోనూ కూడబెట్టుకున్న మాటలవి. సహాయ నిరాకరణ రోజుల్లో ఆ ప్రాక్టీసునీ వదిలేశారు. అప్పటికి మద్రాసులో దండిగా సంపాదిస్తున్న లాయర్లలో ఆయనొకరు.