పది వేళ్ల పంచాయితీ

2026 ఫిబ్రవరి 2కి బండ్లపల్లికి ఇరవయ్యేళ్లు నిండాయి. ఊరు పుట్టి కాదు లెండి, అనంతపురం జిల్లా నార్పల మండలంలోని ఆ ఊరి పేరు ఢిల్లీ దాకా తెలిసి. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ అక్కడికి వచ్చి ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. 2009లో దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో ఇంకోటి తెచ్చింది, పేరూ పోయింది. పేరు పోయిన పథకానికి వార్షికోత్సవ వ్యాసం రాయడమెలా అని కాసేపు తటపటాయించాను. అనంతపురం పల్లెల్లో మాత్రం ఆ బెంగ ఎవరికీ లేదు. వాళ్లకది మొదట్నుంచీ ‘కరువు పని’.

ఆ కరువు పని కూలి కోసం జనం వేలు పెట్టిన యంత్రం ఒకటుంది. దాని పూర్వకథలో గాంధీ కూడా ఉన్నారు. వేళ్లు ఇవ్వబోమన్న పక్షాన ఉన్నారు.

మనిషి ఎవరో తేల్చుకోవడానికి పూర్వం ఇంత తతంగం లేదు. విజయనగర రాజులు శాసనాల చివర ‘శ్రీ విరూపాక్ష’ అని దేవుడి పేరే సంతకంగా పెట్టేవారు. వేంకటపతిరాయల నాటికి అది ‘శ్రీ వేంకటేశ’ అయింది. రైతును మాత్రం ఎవరూ సంతకం అడగలేదు. కరణానికి అతను తెలుసు, అతని తాతా తెలుసు. 1800లో దత్త మండలాలు ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చాక థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి, పాలెగాళ్లను అణచి, రైతుకొక పట్టా చొప్పున రాయించాడు. అప్పట్నుంచి సర్కారుకు ప్రతి మనిషీ విడివిడిగా లెక్కలోకి వచ్చాడు. చదువురాని వాడు నిశాని పెట్టేవాడు. నిశాని ఎవరు పెట్టినా ఒకేలా ఉంటుంది, చిక్కంతా అక్కడే.

ఆ చిక్కు విప్పింది బెంగాల్. 1858లో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకు కంకర తోలే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు ‘ఇది నా సంతకం కాదు’ అనకుండా ఉంటాడని. 1877లో హుగ్లీకి వెళ్లాక పింఛనుదార్ల చేత, దస్తావేజులు రాసిచ్చేవాళ్ల చేత వేలిముద్రలు తీసుకున్నాడు. లక్షల ముద్రల్లో ఒకదాన్ని వెతికి పట్టడమెలా అన్న లెక్కను కలకత్తాలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ తేల్చారు. ముద్రలన్నిటినీ 1,024 అరల్లో సర్దారు. 1897లో అక్కడ వేలిముద్రల బ్యూరో వెలిసింది. పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ కాబట్టి ఆ అరల లెక్కకు హెన్రీ పద్ధతి అని పేరొచ్చింది. హక్, బోస్‌లకు మిగిలింది ఖాన్ బహదూర్, రాయ్ బహదూర్ బిరుదులు.

ఇక నాకు ఇష్టమైన ఘట్టం. ఇదే హెన్రీ 1900లో పోలీసు వ్యవస్థను తీర్చిదిద్దడానికి దక్షిణాఫ్రికా వెళ్లాడు. ఆరేళ్లకు అక్కడి ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం, భారతీయులంతా పది వేళ్లూ ముద్ర వేసి ధ్రువపత్రం తీసుకోవాలని ఆర్డినెన్సు తెచ్చింది. పోలీసు ఎక్కడ అడిగితే అక్కడ చూపాలి. లేకపోతే జరిమానా, జైలు, దేశ బహిష్కారం. గాంధీ హెన్రీ పుస్తకమే తెప్పించి చదివారు. చట్టం నేరస్తుల దగ్గరే పది వేళ్లు అడుగుతుందని అందులో తేలింది. వ్యాపారం చేసుకునేవాడికి, కూలికొచ్చినవాడికి ఈ మర్యాదేమిటి? 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో ఆ చట్టానికి లొంగబోమని జనం లేచి నిలబడి ప్రమాణం చేశారు. సత్యాగ్రహానికి నాంది ఆ సభే.

ఆ పోరాటంలో ముందు వరసలో నిలిచినవాడు తంబి నాయుడు. మారిషస్‌లో పుట్టిన తమిళుడు. తెలుగు అక్షరం రాకపోయినా తెలుగు మాట్లాడేవాడని గాంధీయే రాశారు. ముద్రలివ్వనివాళ్లతో జైళ్లు నిండాక 1908 జనవరి చివర ప్రభుత్వం తరఫున జనరల్ స్మట్స్ రాజీకొచ్చాడు. మీ అంతట మీరు ముద్రలిస్తే చట్టం ఎత్తేస్తామన్నట్టు ఒప్పందం కుదిరిందని గాంధీ నమ్మారు. బలవంతాన ఇస్తే అవమానం, ఇష్టంతో ఇస్తే కాదు, కాబట్టి మొదటి ముద్ర నాదే అన్నారు. జనం ముక్కున వేలేసుకున్నారు. నిన్న వద్దన్నవాడే ఇవాళ ఇమ్మంటున్నాడేమిటి? పదిహేను వేల పౌన్లకు స్మట్స్‌కు అమ్ముడుపోయాడట కదా అని ఒక పఠాను నిండు సభలోనే నిలదీశాడు.

ఫిబ్రవరి 10 ఉదయం. గాంధీ, తంబి నాయుడు, ఈసప్ మియా రిజిస్ట్రేషన్ కార్యాలయానికి నడుస్తున్నారు. దారిలో మీర్ ఆలం ఎదురయ్యాడు. నిండా ఆరడుగుల మనిషి, పరుపులు కుట్టించి అమ్మేవాడు, గాంధీకి పాత కక్షిదారు. ఎక్కడికని అడిగాడు. పది వేళ్ల ముద్రలిచ్చి పత్రం తీసుకోవడానికి, నువ్వూ వస్తే నీకు రెండు బొటనవేళ్లతోనే ఇప్పిస్తానన్నారు గాంధీ. ఆ మాట పూర్తయిందో లేదో, వెనకనుంచి తల మీద దెబ్బ పడింది. ‘హే రామ్’ అంటూ కూలిపోయారు. అడ్డం పడిన నాయుడికీ, మియాకీ దెబ్బలు తగిలాయి. గాంధీని జోసెఫ్ డోక్ అనే పాదరీ ఇంటికి చేర్చారు. పెదవికీ చెంపకూ కుట్లు పడ్డాయి. ఆ స్థితిలోనూ ఆయన అడిగింది, ఆసియావాసుల రిజిస్ట్రారు చామ్నీని కాగితాలతో రమ్మని. మంచం మీదే ముద్రలు తీసుకుంటూ చామ్నీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడట.

కథ అక్కడ ఆగలేదు. స్మట్స్ చట్టం ఎత్తెయ్యలేదు. ఆగస్టు 16న హమీదియా మసీదు దగ్గర పెద్ద ఇనప బానలో రెండు వేలకు పైగా పత్రాలు వేసి, కిరసనాయిలు పోసి తగలబెట్టారు. మీర్ ఆలం వచ్చి తప్పు ఒప్పుకున్నాడు, గాంధీ అతని చెయ్యి పట్టుకున్నారు. ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. పది వేళ్ల మీద ఇంత గొడవ పడిన మనిషి పేరున్న పథకమే, నూరేళ్లు తిరిగేసరికి కూలి డబ్బుకు వేలు పెట్టమంది.

ఇప్పుడు వేలు తీసుకునేది సిరా కాదు, గాజు. రేషన్ స్టోరులో డీలరు దగ్గరున్న చిన్న యంత్రంలో గాజు కింద లైటు ఉంటుంది. గాజు మీద ఏమీ లేనప్పుడు ఆ వెలుతురు పై అంచుకు తగిలి వెనక్కి మళ్లి కెమెరాలో పడుతుంది. వేలి మీద చేను దున్నినట్టు గట్లూ సాళ్లూ ఉంటాయి కదా, గట్టు గాజును తాకిన చోట వెలుతురు చర్మంలోకి పోయి చెదిరిపోతుంది, అక్కడ నల్లగా పడుతుంది. సాలులో గాలి ఉంటుంది కాబట్టి తెల్లగా ఉంటుంది. అంగుళానికి 500 చుక్కల లెక్కన బొమ్మ తయారవుతుంది. కొన్ని ఫోన్లలో వెలుతురుకు బదులు విద్యుత్ ఆవేశంలో తేడాను కొలుస్తారు. బొమ్మ వచ్చాక, గట్టు ఎక్కడ తెగిందో, ఎక్కడ రెండుగా చీలిందో గుర్తించి, ఆ జాగాలను, వాటి వాలును అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలు తాళం వేసుకుని ఆధార్ డేటా కేంద్రాలకు, అంటే బెంగళూరుకో మానేసర్‌కో పోయి, అవునో కాదో మోసుకొస్తాయి. మనవాళ్లు వలస పోయే బెంగళూరుకే, రేషన్‌కొచ్చిన అవ్వ వేలూ నెలనెలా పోయివస్తుందన్నమాట.

ఆ అవును, కాదు కూడా ఖాయమైన మాటలేం కావు. ఎంత పోలిక ఉంటే ఒప్పుకోవాలన్నది మనుషులు పెట్టిన గీత. గీత దించితే ఇంకొకరి వేలు చెల్లుతుంది, పెంచితే అసలు మనిషిదే చెల్లదు. అనంతపురం వేళ్లు ఆ గీత దగ్గరే తచ్చాడతాయి. గాజుకు అతుక్కోవాలంటే చర్మానికి కాస్త తడి కావాలి. ఇక్కడి ఎండలకు తడెక్కడిది? సెనక్కాయ కట్టె పీకి, విత్తనం కాయలు బొటనవేలితో ఒలిచి, గంప మోసి, గడ్డపార పట్టిన వేలికి గట్లు నున్నగా అరిగిపోతాయి. లోపలి పొర బాగుంటే కొన్ని వారాల విశ్రాంతితో మళ్లీ పొడుచుకొస్తాయి. ముసలి చర్మానికి ఆ వెసులుబాటు తక్కువ.

“ఇంకో యేలు పెట్టవ్వా.”

“అన్నీ అయిపోయె గదప్పా.”

“తలకు రుద్దుకోని పెట్టు. రోంత నూనె తగలనీ.”

ఈ మాటలు వినని స్టోరు మా వైపు లేదు. డీలరు గాజును తువ్వాలుతో తుడుస్తాడు, అవ్వ వేలిని తానే పట్టుకుని నొక్కుతాడు. పడితే క్యూ అంతా ఊపిరి పీల్చుకుంటుంది.

యంత్రం వల్ల మేలు జరగలేదని కాదు. ఆధార్ కంటే ముందు ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి కూలికి, పింఛనుకు వేలిముద్ర స్మార్ట్ కార్డులిచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అనంతపురంతో సహా ఎనిమిది జిల్లాల్లో ఆ కార్డులను పరిశీలించి 2016లో ఫలితం ప్రచురించారు. ప్రతిసారీ కూలి తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది, డబ్బూ ముందుకంటే త్వరగా అందింది, మధ్యలో మింగేది తగ్గింది. అయితే కార్డు లేనివాళ్లకు, ముద్ర పడనివాళ్లకు కూడా అప్పుడు డబ్బిచ్చేవారు. యంత్రం బాగా పనిచేసింది అది తప్పనిసరి కానప్పుడేనని నా అభిప్రాయం.

ఆ తర్వాత అంతా కలగాపులగం. 2015 నుంచి స్టోర్లలో ఈ-పోస్ యంత్రం, వేలు పడకపోతే కంటిపాప, అదీ కాకపోతే వీఆర్వో వచ్చి తన వేలు పెట్టి ‘ఈమె ఫలానా’ అనడం. ఉపాధి పనిలో ఫొటో హాజరు. పింఛను వాలంటీర్ల చేతి నుంచి సచివాలయం ఉద్యోగుల చేతికి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల ఏజెంటు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో పెట్టిన దస్తావేజుల మీది ముద్రలను దించుకుని, రబ్బరు వేళ్లు చేసి వేల సిమ్‌లు నడిపించాడు. హెర్షెల్ దస్తావేజుల మీద వేయించిన ముద్రే దొంగకు అచ్చు అయింది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. 2023లో ఆధార్ సంస్థ, అంకెలతో పాటు అసలు బొమ్మను కూడా చూసి బతికున్న వేలేనా అని తేల్చే పద్ధతి తెచ్చింది. ఇప్పుడు ముఖం వంతు. ఫోను పట్టుకుని రెప్ప ఆడించమంటున్నారు.

వేలు పడలేదని బియ్యం ఆపకూడదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులోనూ, ముద్ర సరిపోలనంత మాత్రాన ఎవరికీ లబ్ధి నిరాకరించబోమన్న ప్రభుత్వ హామీ నమోదైంది. ఆ సంగతి రాసిన బోర్డు మాత్రం స్టోరు గోడ మీద నాకింకా కనబడలేదు. ధరల పట్టిక పక్కన జాగా ఉంది.