ఎపిక్యూరసు తోట: ఒక మిత్రసమాజ చరిత్రము

సమాజమును స్థాపించుటకంటె దానిని నిలుపుట కష్టము. ఒక సిద్ధాంతమునందు విశ్వాసము గల పదిమంది యొకచోట గూడి, నియమావళి వ్రాసికొని, చందా నిర్ణయించికొనుట మనము మాటిమాటికి జూచుచున్నదే. రెండవయేటికి సభ్యులు సగమగుదురు. స్థాపకుడు గతించిన పిమ్మట పుస్తకముల బీరువా తాళపుచెవి యెవరియొద్ద నుండవలెనను తగవు మాత్రము మిగులును. ఇట్లేల జరుగుచున్నదో విచారించుటకు దోడ్పడు చరిత్ర మొకటి గ్రీసుదేశమున గలదు. ఏథెన్సు నగరమున ఎపిక్యూరసు అను తత్త్వవేత్త క్రీ. పూ. 306 ప్రాంతమున స్థాపించిన మిత్రసమాజము నాలుగువందల యేండ్లకు బైగా నిలిచెను. దానిని నిలిపిన దేదియో తెలిసికొనుటయే మా యుద్దేశము.

ఎపిక్యూరసు క్రీ. పూ. 341లో సామోసు ద్వీపమున జన్మించెను. అతని తండ్రి బడిపంతులు. మిటిలీనీ, లాంప్సాకసు పట్టణములలో మిత్రులను సంపాదించి యాతడు ఏథెన్సు చేరి, 80 మీనాల వెండి నాణెముల కొక తోటను గొనెను. ఆ తోట పేరే సమాజమునకు బేరయ్యెను. సుఖమే పురుషార్థమని యాతడు బోధించెను. అయితే యా సుఖము విందులలో నున్నది కాదు. దేహమునకు బాధయు, మనస్సునకు గలతయు లేకుండుటయే సుఖమని యాతని భావము. దేవతలు మనుష్యులపై గినుక వహింపరనియు, మరణించినవాని కే యనుభవమును లేదు గనుక మరణమునకు వెఱవ బనిలేదనియు జెప్పి జనుల భయమును బోగొట్ట యత్నించెను. రొట్టెయు నీరును జాలునన్న వానిని దిండిపోతని ప్రతిపక్షులు చాటిరి. మన చార్వాకులకు బట్టిన యపకీర్తి వంటిదే యిదియు.

ఆ తోట తలుపు లెవరికి దెరచియుండెనో గమనింపవలెను. థెమిస్టా అను గృహిణి భర్తతో గూడ శిష్యురాలయ్యెను. వారకాంతగా బేరొందిన లియోంటియను అను నామె, థియోఫ్రాస్టసు వంటి మహాపండితుని ఖండించుచు గ్రంథము వ్రాసెను. తరువాతి కాలమున రోముదేశీయుడగు సిసిరో యామెను నిందించుచునే, యామె గ్రీకు శైలి చక్కనిదని యొప్పుకొనెను. మిసు అను దాసుడు యజమానితో గూర్చుండి తత్త్వవిచారము చేసెను. స్త్రీలకు సభాప్రవేశము లేని నగరమున, దాసుని వస్తువుగా నెంచు కాలమున నిది జరిగెనని మరువరాదు.

మిత్రు లందఱు నేథెన్సులోనే యుండలేదు. లాంప్సాకసులో గొందఱు, మిటిలీనీలో గొందఱు మిగిలియుండిరి. సముద్రమున కావల నున్న వీరిని గలిపినవి యుత్తరములు. సిద్ధాంతమంతయు జదువుటకు దీరిక లేనివారికై యాతడు సంగ్రహముగ వ్రాసిన లేఖలు మూడు నేటికిని నిలిచియున్నవి. కంఠస్థము చేయుటకు వీలైన 40 ముఖ్యసూత్రములును గలవు. ఇల్లాలును, వర్తకుడును పనిపాటలలోనే వానిని దలచుకొన వచ్చును. ఆ యుత్తరములలో దత్త్వము మాత్రమే కాదు, కుశలప్రశ్నలు, చందాల మాట, పిల్లల యోగక్షేమములు నుండెను. ఎప్పుడైన విందు చేసికొనవలెనని తోచినప్పుడు పనికివచ్చునని కొంచెము జున్నుగడ్డ పంపుమని యాతడొక మిత్రుని గోరెను. గురువు మిత్రుని యొద్ద జున్ను గోరగలిగిన సమాజమున మిత్రుడును గురువునొద్ద దన కష్టము చెప్పికొనగలడు.

ధనవిషయమున నాతని నియమము విచిత్రమైనది. పైథాగరసు శిష్యులు తమ యాస్తుల నుమ్మడి చేసిరని ప్రసిద్ధి. ఎపిక్యూరసు దాని నంగీకరింపలేదు. ఉమ్మడి చేయు మనుట యొకరినొకరు నమ్మకుండుటకు గుఱుతనియు, నమ్మకము లేనిచోట స్నేహము లేదనియు నాతని వాదము. దీనికి బరీక్ష త్వరలోనే వచ్చెను. డెమెట్రియసు అను రాజు ఏథెన్సును ముట్టడింపగా, క్రీ. పూ. 294 ప్రాంతమున నగరమున గొప్ప కాటకము పుట్టెను. అప్పుడు తోటలో నున్న చిక్కుడుగింజలను లెక్కపెట్టి మిత్రులకు బంచి యాతడు వారి ప్రాణములు నిలిపెనని ప్లూటార్కు వ్రాసెను. నియమావళిలో లేని యుమ్మడి యాకలినాట నిజమయ్యెను.

క్రీ. పూ. 270లో నాతడు మూత్రాశయవ్యాధితో మరణించెను. ఆతని మరణశాసనము నేటికిని జదువదగినది. తోటను ఇద్దఱు ధర్మకర్తల పేర వ్రాసి, తన తరువాత హెర్మార్కసును, అతని వెనుక వచ్చువారును దత్త్వవిచారమునకై దానిని వాడుకొనవలెనని విధించెను. తనకంటె ముందు గతించిన మిత్రుడు మెట్రొడోరసు బిడ్డలను బోషించి, కూతురికి వివాహము చేయుటకు గట్నమునకు నేర్పాటు చేసెను. మిసుతో గూడ నలుగురు దాసులకు స్వేచ్ఛ నొసగెను. నెలనెల 20వ నాడు మిత్రులు కూడుకొనుటకు వ్యయము నిర్ణయించెను. ఆఖరు దినమున నొక మిత్రునికి వ్రాసిన యుత్తరములోను మెట్రొడోరసు బిడ్డలను గనిపెట్టుమనియే కోరెను. సిద్ధాంతమునకు వారసుని నియమించుటతో బాటు, చనిపోయిన సభ్యుని కూతురి పెండ్లిని గూడ దలచినవా డీతడు. సమాజము నిలుచుటకు నిదియే మూలమని మా యభిప్రాయము.

సభ్యుల తప్పులను దిద్దు పద్ధతియు వారికి గలదు. క్రీ. పూ. మొదటి శతాబ్దమున నిటలీలో నివసించిన ఫిలొడెమసు, నిర్మొగమాటముగ మాటలాడుటను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. క్రీ. శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము హెర్క్యులేనియము పట్టణమును గప్పివేయగా, బొగ్గువలె మారిన యా చుట్టలు 1752 మొదలుకొని త్రవ్వకములలో దొరకినవి. వైద్యుడు రోగి బలమును జూచి మందిచ్చునట్లు మనిషినిబట్టి మందలింపవలెనని యందు గలదు. బోధించువాడును దప్పు చేయవచ్చుననియు, అతనిని గూడ దిద్దవలెననియు నున్నది.

అయినను దోషములను దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. మెట్రొడోరసు సోదరుడగు టిమోక్రటీసు తోటను విడిచిపోయి, స్థాపకుని దూషించుచు వ్రాసెను. స్థాపకుని యెడ భక్తి మితిమీరెను. పిమ్మటివారు వాదించుకొన్నప్పుడు సత్యమేది యని కాక, స్థాపకు డేమనెనని వాదించిరి. క్రొత్త మాట పలుకుటయే వారికి బాపమని క్రీ. శ. రెండవ శతాబ్దమున న్యుమీనియసు వ్రాసెను. అతడు దానిని బ్రశంసగా జెప్పెను గాని మాకది హెచ్చరికగా దోచుచున్నది. అంతకంటె బెద్ద లోపము వేఱొకటి గలదు. రాజకీయములకు దొలగి, మరుగున జీవింపుమని యాతని బోధ. దాసుడు తోటలో మిత్రుడే. తోట వెలుపలి దాస్యమును నిర్మూలింప వారు పూనినట్లు కానరాదు. సంస్కారము కోరువారు దీని నంగీకరింప జాలరు.

అయినను తోట వెంటనే వాడిపోలేదు. క్రీ. శ. 121లో చక్రవర్తి ట్రాజను భార్యయగు ప్లొటీనా, రోము పౌరులు కానివారిని గూడ ఏథెన్సు సమాజమున కధిపతులుగా నియమించుకొను ననుజ్ఞను హేడ్రియను చక్రవర్తివలన సంపాదించి యిచ్చెను. ఆ శతాబ్దముననే, నేటి టర్కీదేశమున నున్న ఇనోఆండాలో డయొజెనీసు అను వృద్ధుడు వ్యాధిగ్రస్తుడై యుండియు, సిద్ధాంతమును దారిన బోవువారికి, ఇంకను బుట్టనివారికి, పరదేశీయులకు దెలియునట్లు పెద్దగోడపై జెక్కించెను. 1884లో బయలుపడిన యా గోడ ముక్కలు 300కు బైగా దొరకినవి. తోటను గన్నుల జూడని పరదేశమున నీ విశ్వాసము నిలిపినది, యా సముద్రము దాటిన యుత్తరముల వరుసయే.

కావున సమాజములు నడపువారికి మేము విన్నవించున దొక్కటే. నియమావళి మొదటి పుటయందు సిద్ధాంతము వ్రాయుడు. కాని రెండవ పుటయందు, దూరగ్రామమున నొంటిగ నున్న సభ్యునికి నెలకొక యుత్తర మెవరు వ్రాయవలెనో, చనిపోయినవాని బిడ్డలను జూచువా రెవరో, అధ్యక్షుడు పొరబడినప్పుడు మొగము మీద జెప్పువా రెవరో వ్రాయుడు. మూడవ పుటను ఖాళీగా విడువుడు. మీ తరువాత వచ్చువారు మీ తప్పులు దిద్దుటకు దానియందు జోటుండవలెను.