ఆంగోవిల్ చర్చి బల్లలు: యుద్ధస్మృతికి ఒక భౌతిక సాక్ష్యం

యుద్ధచరిత్రకు సైనిక నివేదికలు, స్మారక శిలలు ప్రధాన ఆధారాలు. ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతంలో ఆంగోవిల్-ఓ-ప్లేన్ అనే చిన్న గ్రామపు చర్చిలో మాత్రం ఆ ఆధారం కొయ్యబల్లల మీది రక్తపు మరకలు.

12వ శతాబ్దపు ఈ చర్చి వైద్యుల పాలక పునీతులైన కాస్మస్, డామియన్‌లకు అంకితమైనది. 1944 జూన్ 6న పారాచూట్లతో దిగిన అమెరికన్ 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ వైద్య సహాయకులు రాబర్ట్ రైట్, కెనెత్ మూర్ దీనిని చికిత్సాకేంద్రంగా మార్చారు. గ్రామం చేతులు మారుతున్నా వారు కదలలేదు. వారు సేవ చేసిన సుమారు 80 మంది క్షతగాత్రులలో అమెరికన్లు, జర్మన్లు, ఒక స్థానిక బిడ్డ ఉన్నారు. కప్పును ఛేదించుకొని పడిన మోర్టారు గుండు పేలలేదు. అది పగులగొట్టిన నేలపలక నేటికీ కనిపిస్తుంది.

తరువాతి కాలంలో అమర్చిన రంగుటద్దాల కిటికీలు పారాచూట్ సైనికులను, వైద్య సహాయకులను స్మరిస్తాయి. ఎవరిని స్మరించాలో కిటికీ నిర్దేశిస్తుంది. బల్ల మీది మరక నిర్దేశించదు; అది ఏ పక్షపు సైనికుని రక్తమో సందర్శకునికి తెలియదు. ఆ బల్లలను తొలగించకుండా నిలుపుకోవడం ద్వారా గ్రామం జయాపజయాల విభజనకు లొంగని సాక్ష్యాన్ని కాపాడుకుంది. కావున స్థానిక చరిత్ర రచనలో అక్షరంతోపాటు వస్తువును కూడా మూలాధారంగా పరిగణించడం అవసరం.