ఇసక తగిలిందా?

2024 ఆగస్టు 31, శనివారం మధ్యాహ్నం. అట్లాంటాలోని ఈస్ట్ లేక్ గోల్ఫ్ మైదానం. మూడో హోల్.

బంతి బంకర్లో పడింది. సాహిత్ తీగల ఇసకలోకి దిగాడు. బూట్లు కాస్త కూరుకున్నాయి. క్లబ్ వెనక్కి లేచింది, విసురుగా ముందుకొచ్చింది. బంతి ఎగిరిపోయింది.

అతని మనసు మాత్రం బంతి వెంట వెళ్లలేదు. క్లబ్ వెనక్కి తీస్తున్నప్పుడు అడుగున ఏదో గీసుకుంది. చెవికి వినపడేంత కాదు. చేతికి తెలిసేంత.

రూల్స్ అఫీషియల్‌ని పిలిపించాడు.

ఆ వేళకి ఖరగ్‌పూర్‌లో బాగా పొద్దుపోయింది. నీంపురా వైపు ఓ రైల్వే క్వార్టర్. శ్రావణమాసం ఉక్క. ఫ్యాన్ తిరుగుతోంది గానీ గాలి లేదు. యార్డులో షంటింగ్ ఇంజిన్ ఒకటి ఉండుండి కూత వేస్తోంది. నవారు మంచం మీద రిటైర్డ్ రైలు డ్రైవర్ తాత, కింద చాప మీద ఫోన్ పట్టుకున్న మనవడు.

"తాతా! మనోడికి రెండు పడ్డాయి."

"ఏటి పడ్డాయిరా, పరుగులా?"

"కాదు. పెనాల్టీ."

తాత లేచి కూర్చున్నాడు.

ధోనీ టీటీఈగా టికెట్లు చూసిన ఊరది, అక్కడ గోల్ఫ్ ఎవడిక్కావాలి? కానీ స్కోరుబోర్డు మీద ఉన్నది తెలుగింటి పేరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి, బెంగాలీ, హిందీల మధ్య తెలుగుని మూడు తరాలుగా కాపాడుకుంటున్న కుటుంబాలకి అలాంటి పేరు ఎక్కడ కనపడినా చూపు ఆగిపోతుంది. సాహిత్ పుట్టింది కాలిఫోర్నియాలో. తండ్రి మురళీధర్ 1987లో చదువు కోసం హైదరాబాద్ నుంచి వెళ్లారు. కొడుక్కి చిన్నప్పుడే వెన్ను వంకర, స్కోలియోసిస్. ఆ వెన్నుతోనే 2023 సెప్టెంబర్‌లో నాపాలో మొదటి పీజీఏ టూర్ టైటిల్ కొట్టాడు. ఇప్పుడు ఆడుతున్నది టూర్ ఛాంపియన్‌షిప్, గెలిచినవాడికి రెండున్నర కోట్ల డాలర్లు.

"ఇసక తాకాడంట," అన్నాడు మనవడు.

"ఇసకలో పడ్డ బంతిని ఇసక తాకకుండా ఎలా కొడతార్రా?"

అక్కడే అందరూ బోల్తా పడేది. క్లబ్ ముందుకొచ్చేటప్పుడు బుట్టెడు ఇసక లేపినా తప్పులేదు. వెనక్కి వెళ్లేటప్పుడు రేణువు తగిలినా రెండు స్ట్రోకులు. 2019లో రూల్స్ సడలించారు నిజమే. బంకర్లో ఆకులు, రాళ్లు ఏరెయ్యొచ్చు. తమ వంతు వచ్చేదాకా క్లబ్ ఆనించి నిలబడొచ్చు. దాంతో 'ఇక ఇసక తాకినా పర్లేదు' అన్న మాట క్లబ్బుల్లో చెలామణీ అయిపోయింది. సగం తెలిసిన రూలు అసలు తెలియనిదానికంటే ప్రమాదం. బంతికి సరిగ్గా ముందో వెనకో క్లబ్ ఆనించకూడదు. ఇసక గట్టిదా మెత్తదా అని కావాలని పరీక్షించకూడదు. ప్రాక్టీస్ స్వింగ్‌లో తాకకూడదు. బ్యాక్‌స్వింగ్‌లోనూ తాకకూడదు. 12.2 నంబరు రూలు ఈ నాలుగింటినీ వదల్లేదు.

"అంపైరు పట్టుకున్నాడా?"

"లేదు తాతా."

"మరి టీవీలో దొరికాడా?"

"టీవీ గొడవ కూడా కాదు. మామూలు కంటికి ఆనని తప్పు వీడియోలో కనపడినా లెక్కలోకి తీసుకోరు."

యార్డులో ఇంజిన్ ఆగింది. తాత కిటికీ వైపు తిరిగాడు.

ఇంజిన్ క్యాబ్‌లో ఇద్దరే ఉంటారు. అర్ధరాత్రి, చుట్టూ చీకటి, వినేవాడు లేడు. అయినా ప్రతి సిగ్నల్‌కీ డ్రైవర్ చెయ్యి చూపించి రంగు పైకి చెప్పాలి, అసిస్టెంటు తిరిగి చెప్పాలి. రెడ్‌ని అడుగు దాటినా దాటడమే. దానికి స్పాడ్ అని పేరు, ఆ మాట వింటే డ్రైవర్ల ఇళ్లలో అన్నం దిగదు.

"రెడ్ దాటినట్టన్నమాట," అన్నాడు తాత మెల్లగా. "మరి ఎవుడూ చూడనప్పుడు ఎలా తెలిసిందిరా?"

"ఆయనే చెప్పేశాడు."

చెప్పింది కూడా ఎక్కడని! ఈస్ట్ లేక్ అంటే గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ ఆట నేర్చుకున్న గడ్డ. 1925 యూఎస్ ఓపెన్‌లో, వూస్టర్‌లో, గడ్డిలో తన బంతి కదిలిందని జోన్స్ తన మీద తనే ఒక స్ట్రోకు వేయించుకున్నాడు. ఆ ఒక్క స్ట్రోకుతో మెక్‌ఫార్లేన్‌తో సమానమై, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు.

సాహిత్ కార్డు మీద రెండు చేరాయి. ఆ రెండూ కలుపుకుని కూడా ఆ రోజు 66 కొట్టాడు. ఆదివారం 64. షెఫ్లర్ 30 అండర్‌తో కప్పు ఎత్తుకెళ్లాడు. మొరికావా 26. సాహిత్ 24, మూడో స్థానం.

సోమవారం పొద్దున్న మనవడు కాగితం మీద లెక్క వేశాడు. రెండో బహుమతి కోటీ పాతిక లక్షల డాలర్లు. మూడోది 75 లక్షలు. ఆ రెండు స్ట్రోకులు లేకపోతే మొరికావా, సాహిత్ సమానం, చెరో కోటి.

"పాతిక లక్షల డాలర్లు తాతా! మన డబ్బుల్లో ఇరవై కోట్ల పైనే. నాలుగు ఇసక రేణువులకి!"

తాత టీ గ్లాసు కింద పెట్టాడు. కాగితం వంక చూడనేలేదు.

"నువ్వెప్పుడైనా దాటావా తాతా, రెడ్డు?"

బయట గూడ్సు బండి కదిలింది. ఒక్కో వ్యాగనూ క్వార్టర్ గోడల్ని వణికిస్తూ పోతోంది. తాత చివరి వ్యాగన్ దాటేదాకా ఆగాడు.

"తలుపు వేసి రా," అన్నాడు. "చెప్తాను."