సహసభ్యులకు ప్రచార నిధులు: అమెరికా ప్రతినిధుల సభలో రెండు ఘట్టాలు

ప్రవేశిక:
ప్రజాప్రతినిధి తన ఎన్నిక కోసం నిధులు సేకరించుకోవడం సహజం. ఆ నిధులను తోటి సభ్యుల గెలుపునకు వెచ్చించడం వెనుక మాత్రం వేరే ప్రయోజనం ఉంటుంది. ఆ ప్రయోజనం ఏ రూపంలో దక్కుతుందన్నది దాత ఉదారతను బట్టి గాక, సభలో పదవులు పంచే పద్ధతిని బట్టి ఉంటుందని అమెరికా ప్రతినిధుల సభ చరిత్ర ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

1940 – పలుకుబడి:
లిండన్ జాన్సన్ 1937లో టెక్సాస్ నుంచి ఉపఎన్నికలో గెలిచి సభలో ప్రవేశించాడు. 1940 ఎన్నికల చివరి వారాల్లో టెక్సాస్ కాంట్రాక్టర్లు, చమురు వ్యాపారులు ఇచ్చిన విరాళాలు గట్టి పోటీ ఎదుర్కొంటున్న డెమోక్రటిక్ అభ్యర్థులకు చేరేలా చూశాడు. 1938లో అనేక స్థానాలు కోల్పోయిన ఆ పార్టీ 1940లో ఆధిక్యాన్ని నిలబెట్టుకుంది. అయితే ఆనాడు కమిటీల అధ్యక్ష పదవులు సీనియారిటీని బట్టి సంక్రమించేవి. సహాయం పొందినవారు కోరుకున్నా ఆయనకు అటువంటి పదవిని కట్టబెట్టగలిగేవారు కారు. జాన్సన్‌కు దక్కింది పలుకుబడి మాత్రమే.

1979 – పదవి:
1970లలో ఈ స్థితి మారింది. 1973 సంస్కరణలతో ఉపసంఘాల అధ్యక్షులను ఎన్నుకునే అధికారం ఆయా కమిటీల్లోని డెమోక్రటిక్ సభ్యులకు లభించింది. 1975లో ఆ పార్టీ సభ్యులు ముగ్గురు సీనియర్ కమిటీ అధ్యక్షులను ఓటింగు ద్వారా తొలగించారు. మరోవైపు 1974 ఎన్నికల వ్యయ చట్టం ప్రకారం ఒక అభ్యర్థి ప్రచార సంఘం మరో అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 1,000 డాలర్ల వరకే ఇవ్వగలిగేది. అర్హత గల రాజకీయ కార్యాచరణ సంఘం 5,000 డాలర్ల వరకు ఇవ్వవచ్చు. ఈ వ్యత్యాసాన్ని ఉపయోగించుకుంటూ శాసనసభ్యులు స్థాపించిన సంఘాలే ‘లీడర్‌షిప్ ప్యాక్‌’లు.

కాలిఫోర్నియా సభ్యుడు హెన్రీ వాక్స్‌మన్ ఈ మార్గంలో తొలివాడు. తన స్థానం సురక్షితం కావడంతో 1978 ఎన్నికల్లో సహసభ్యులకు విరాళాలిచ్చాడు. వారిలో తన కమిటీ సభ్యులూ ఉన్నారు. 1979 ఆరంభంలో ఆరోగ్య ఉపసంఘం అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో తనకన్నా సీనియరైన రిచర్డ్‌సన్ ప్రేయర్‌ను 15–12 ఓట్లతో ఓడించాడు. విరాళాలే ఆ ఓట్లను తెచ్చాయని నిర్ధారించలేం. ఆయన విధానాలను ముందునుంచీ సమర్థించినవారికే అవి అంది ఉండవచ్చు. కానీ 1940లో అసాధ్యమైన వినిమయం 1979 నాటికి సాధ్యమైందన్నది స్పష్టం.

ముగింపు:
1990 స్వచ్ఛవాయు చట్ట సవరణల్లోను, 1994లో పొగాకు కంపెనీల అధిపతులను ప్రశ్నించిన విచారణలోను వాక్స్‌మన్ ఆ పదవిని ప్రజాహితానికే వినియోగించాడు. అయితే ఫలితం మంచిదైనంత మాత్రాన మార్గంపై ప్రశ్న తొలగిపోదు. సీనియారిటీ ఏకస్వామ్యాన్ని ఓటు తొలగించింది. కానీ ఆ ఓటు ఎవరిదో వారి ఎన్నికల ఖర్చు ఇతరులు భరించగలిగినప్పుడు, సంపన్న దాతలున్న సభ్యునికీ లేని సభ్యునికీ మధ్య కొత్త అసమానత ఏర్పడింది. సంస్కరణలను అంచనా వేసేటప్పుడు అవి మూసిన దారులతో పాటు తెరిచిన దారులనూ పరిశీలించాలి.