ఒంగోలు బాప్టిస్టు సంఘం: ఒక తాలూకా పట్టణపు సంఘచరిత్ర

వ్యాససంగ్రహం

1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడిన ఒంగోలు బాప్టిస్టు సంఘం పదిహేనేళ్లలో ఇరవై వేల సభ్యత్వాన్ని దాటింది. ఈ పెరుగుదలను మిషనరీల కృషిగానో, కరువు ఫలితంగానో వివరించడం పరిపాటి. మాదిగపల్లెల్లో అంతకుముందే ఉన్న గురుబోధ, తోలు వర్తకపు దారులు, బంధుత్వాలు ఈ సంఘ నిర్మాణంలో నిర్వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఒంగోలు, తెలుగు బాప్టిస్టులు, మాదిగలు, యర్రగుంట్ల పేరయ్య, ధాత కరువు, వెల్లంపల్లి.

1. ఉపోద్ఘాతం

పంతొమ్మిదో శతాబ్ది మధ్యభాగంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోని ఒక తాలూకా కేంద్రం. 1904లో అది గుంటూరు జిల్లాలో చేరింది. 1970లో గాని జిల్లా ముఖ్యపట్టణం కాలేదు. ఇంత చిన్న ఊరి సంఘం ఒక దశలో ప్రపంచంలోనే అతిపెద్ద బాప్టిస్టు సంఘంగా ప్రసిద్ధి పొందింది. ఆ ప్రసిద్ధి నిజమే. అయితే ఆ సభ్యుల్లో అత్యధికులు ఒంగోలు పట్టణవాసులు కారు. సంఘం పేరు పట్టణానిది, మనుషులు పల్లెలవారు. ఈ చరిత్రను చదివేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. చాలాకాలం చెప్పుకోదగిన ఫలితం లేకపోవడంతో 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్‌ను మూసివేయాలన్న ప్రతిపాదన వచ్చింది. పటం మీద ఒంటరిగా కనిపించే నెల్లూరు స్థావరాన్ని ‘ఒంటరి నక్షత్రం’గా పేర్కొని కొందరు ఆ ప్రతిపాదనను అడ్డుకున్నారు. ఆ పేరుతోనే శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఒక గీతం రాశాడు. మిషన్ నిలిచింది. 1854 జనవరి 1న లైమన్ జ్యూయెట్ దంపతులు, క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు ఒంగోలు కొండపై ప్రార్థన చేసిన సంఘటన మిషన్ చరిత్రల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువారన్న సంగతికి మాత్రం ఆ చరిత్రల్లో దక్కవలసినంత చోటు దక్కలేదు.

2. తలకొండపాడు దారి

జాన్ ఎవరెట్ క్లౌ 1865లో భారతదేశానికి వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టాడు. అతడు అక్కడ స్థిరపడేనాటికే ఒక మనిషి అతణ్ని వెతుక్కుంటూ వచ్చి ఉన్నాడు. అతడే తలకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. కులం మాదిగ, వృత్తి తోళ్ల వర్తకం. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరంలోని పల్లె అతనిది. తోళ్ల బేరం మీద ఉత్తరాదికి తిరిగే క్రమంలో ఏలూరులో ఆంగ్లికన్ మిషనరీ అలెగ్జాండర్ బోధ విన్నాడు. ఒంగోలుకు ఒక బోధకుడు రానున్నాడన్న సమాచారం కూడా అతనికి అక్కడే తెలిసింది.

పేరయ్య అంతకుముందే రాజయోగ సాధకుడు. ఒక స్త్రీ గురువు వద్ద ఉపదేశం పొంది, తానూ శిష్యులకు బోధించే స్థాయికి చేరినవాడు. పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయం వంటి గురుమార్గాలు ఆ ప్రాంతపు మాదిగల్లో వ్యాపించి ఉన్నాయి. విగ్రహారాధన పట్ల విముఖత, ఏకేశ్వర భావన, కులాన్ని పట్టించుకోని గురుశిష్య బంధం వారికి కొత్తవి కావు. క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథం మాదిగ వృద్ధుల నోటి మాటలను ఆధారం చేసుకొని ఈ విషయాలను నమోదు చేసింది. అదే లేకపోతే పేరయ్య కూడా మిషన్ నివేదికల్లో ‘తొలి మాదిగ విశ్వాసి’ అన్న ఒక్క మాటగా మిగిలిపోయేవాడు.

1866లో పేరయ్య, అతని భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. 1867 జనవరిలో క్లౌ తలకొండపాడు దగ్గర బస చేసినప్పుడు 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారు పేరయ్య బంధువర్గం, పరిచితులు. ఒంగోలులో ఎనిమిది మందితో సంఘం ఏర్పడి అప్పటికి నెల కూడా కాలేదు. పట్టణ సంఘాన్ని పల్లె అప్పుడే సంఖ్యలో మించిపోయింది.

3. పట్టణం తలుపు, పల్లె కట్టుబాటు

పట్టణంలోని అగ్రకులాలవారు మొదట క్లౌ పట్ల సుముఖంగానే ఉన్నారు. వారి పిల్లలు మిషన్ బడికి వచ్చారు. మాదిగలను చేర్చుకోకుంటే తామూ ఆలోచిస్తామన్న ధోరణి వారిలో కనిపించింది. క్లౌ దంపతులు ఎవరికివారు బైబిలు తెరచి కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగాన్ని చదివారని, దానితో సందేహం తీరిందని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. మాదిగల ప్రవేశంతో బడి ఖాళీ అయింది.

పల్లెల్లో జరిగిన ఘర్షణ ఇంతకంటే తీవ్రమైనది. చేరదలచినవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చూడటానికి ఇవి మతనియమాలు. ఊరి వ్యవస్థలో వాటి అర్థం వేరు. మాదిగ మోటకు తోలు తొండం కుట్టాలి, చెప్పులు, వారులు ఇవ్వాలి, జాతరలో డప్పు కొట్టాలి, పిలిచినప్పుడు వెట్టికి పోవాలి. దానికి ప్రతిఫలం కళ్లంలో కొలిచే గింజలు, చచ్చిన పశువు. ఆదివారం పనికి రానన్నవాడు, జాతరలో డప్పు ముట్టనన్నవాడు ఊరి లెక్కను తప్పించినవాడే. అందుకే కరణాలూ మునసబులూ బావి నీళ్లు ఆపారు, తప్పుడు కేసులు పెట్టించారు. ఈ నియమాలను మాదిగలపై మిషనరీ రుద్దిన విధులుగా మాత్రమే చూసే వ్యాఖ్యానం సరిపోదు. కాదనడానికి వారికి ఒక కారణం దొరికింది.

4. ధాత కరువు, వెల్లంపల్లి

1876–78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ కంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు అతడు అమెరికాలో భూముల సర్వేయరు. సంఘ బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. ఇతర కంట్రాక్టర్ల దగ్గర కూలిలో కోత, తిట్లు సామాన్యం కాగా, ఇక్కడ తమ కులంవాడే పని చూపి కూలి ఇచ్చాడు. పని మధ్య విరామంలో బోధ సాగింది.

కరువుకాలంలో దాదాపు 15 నెలలు క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. 1878లో సహాయం ముగిశాక, ఒంగోలులో మశూచి ఉండటంతో పట్టణానికి ఉత్తరంగా పది మైళ్లలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో సమావేశం జరిగింది. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఏటిలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున. ఆ ఏడాది చివరికి సంఖ్య 9,606.

కూడు కోసం మతం మారారన్న విమర్శకు మిషన్ రచయితలు చూపే సమాధానం ఈ తేదీల క్రమమే: సహాయం ఆగాకే బాప్తిస్మాలు మొదలయ్యాయి. ఈ సమాధానం బలమైనదే గాని సంపూర్ణం కాదు. కరువులో ఆదుకున్నవాణ్ని కరువు తీరగానే మరచిపోవడం పల్లె నీతి కాదు. రేపటి కష్టంలో అండ దొరుకుతుందన్న ఆశా అందులో ఉంది. అయితే కూలికోసం కాలువకు వచ్చినవారు మాదిగలే కాదు. అన్ని కులాలవారూ వచ్చారు. సంఘంలో చేరినవారు ప్రధానంగా మాదిగలే. ఈ తేడాను ఆకలి ఒక్కటే వివరించలేదు. పన్నెండేళ్లుగా పేరయ్య వంటివారు బంధువుల ఇళ్ల మీదుగా వేసిన దారి దానిని వివరిస్తుంది.

5. రిజిస్టరులో పేరు

ఇంత సంఘాన్ని నడిపినది ఒంగోలు బంగళా కాదు. ప్రతి పల్లెలో కులపెద్దలే సంఘపెద్దలయ్యారు. మూడు నెలలకొకసారి బోధకులు ఒంగోలులో చేరి తగవులు, చందాలు, బడుల సంగతులు చెప్పుకొనేవారు. ఆ పద్ధతికీ హద్దు ఉంది. 1880ల తొలి సంవత్సరాల్లో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల ప్రత్యేక క్షేత్రాలయ్యాయి. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మళ్లీ ఒకేరోజు 1,671 మంది చేరారు. 1903లో తెలుగు బాప్టిస్టులు నటాల్‌లోని తెలుగు కూలీల కోసం జాన్ రంగయ్యను తమ మిషనరీగా పంపారు. క్లౌ 1910లో మరణించాడు. అతని పేర ఆసుపత్రి, జ్యూయెట్ పేర ఆలయం ఒంగోలులో వెలిశాయి. పేరయ్య పేరున అటువంటి ప్రసిద్ధ కట్టడమేదీ లేదు.

సంఘం రిజిస్టరులో పేరు ఎక్కడం 1878లో ఊరి వెట్టి నుంచి తప్పుకొనే మార్గాల్లో ఒకటి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు తర్వాత అదే పేరు మరో అర్థం తెచ్చుకుంది. క్రైస్తవులుగా నమోదైన మాదిగలు షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల నిలిచారు. తర్వాతికాలంలో రాష్ట్రం వారిని వెనుకబడిన తరగతుల ‘సి’ సమూహంలో చేర్చింది. పల్లెలో వారుండే వాడ మారలేదు, ఊరు వారిని పిలిచే పేరూ మారలేదు. ఆదివారం ఒక పేరుతో ప్రార్థనకు వెళ్లి, బడిలోనూ తహసీల్దారు కచేరిలోనూ మరో పేరు రాయించుకొనే కుటుంబాలు ఆ తర్వాత ఏర్పడ్డాయి.